గొర్రెలను ఎవరికి అప్పజెప్పిపోయిండ్రు?



మాది వికారాబాద్ జిల్లా మర్పల్లి. చుట్టూ ఉల్లిగడ్డ, కంది, పత్తి పండే ఊళ్లు. ఆ ఊళ్లలోని చిన్న చిన్న సంఘాలకు నేను పాస్టర్‌ని. పిల్లలను ఆత్మీయంగా ఆరోగ్యంగా పెంచడం గురించి మాట్లాడమన్నారు. నేను చెప్పేది మా గుడికి వచ్చే కుటుంబాల సంగతే. అయినా వింటున్న మిగతా తల్లిదండ్రులకు కూడా తమ ఇంటి ముచ్చట ఇందులో కనబడితే, తమకే చెప్పినట్టు అనుకోవాలని మనవి.

పదో తరగతి పరీక్షలకు ముందు వచ్చే ఆదివారం మా గుడి నిండిపోతుంది. క్రిస్మస్ తర్వాత అంత జనం వచ్చేది ఆ రోజే. ప్లాస్టిక్ కవర్లో హాల్ టికెట్, రెండు కొత్త పెన్నులు, పరీక్ష అట్ట పట్టుకుని పిల్లలు వరుసగా ముందుకొస్తారు. వెనక నుంచి తల్లులు నెడుతుంటారు. "అయ్యగారూ, లెక్కలకు జర గట్టిగ చెయ్యిన్రి ప్రార్థన" అంటుంది ఒకామె. నవ్వొస్తుంది. కానీ ఆ తల్లి జన్మలో పరీక్ష హాలు చూడలేదు. బిడ్డ వెంట తాను లోపలికి పోలేదు కాబట్టి దేవుణ్ణి తోడు పంపిస్తోంది. అందులో తప్పేమీ లేదు.

ఫలితాలు వచ్చిన తర్వాతి ఆదివారమే అసలు చిక్కు. ఆ రోజు సాక్ష్యాల రోజు. "దేవుడు నా బిడ్డను పాస్ చేసిండు" అని ఒకరు లేచి చెబుతారు. "నా కొడుక్కు ఫస్ట్ క్లాస్ ఇచ్చిండు" అని ఇంకొకరు. సంఘమంతా ఆమెన్ అంటుంది, మిఠాయి పంచుతారు. ఫెయిలైన పిలగాడు ఆ రోజు గుడికి రాడు. వచ్చినా బయట బండి మీద కూర్చుని ఫోన్ చూస్తుంటాడు. అట్లాంటి పిలగాడొకడు వాళ్ల నానమ్మను అడిగాడట: "ఆళ్లను పాస్ చేసింది దేవుడైతే, నన్ను ఫెయిల్ చేసింది గూడ దేవుడే గదనే?" ఆమె జవాబు చెప్పలేక నా దగ్గరికి వచ్చింది.

పిలగాడి తర్కంలో ఎక్కడా లోపం లేదు. మనం నిలబడి చెప్పిన మాటనే వాడు చివరిదాకా తీసుకుపోయాడు. మార్కులిచ్చే దేవుణ్ణి మనం పరిచయం చేస్తే, మార్కులు రాని పిల్లకు ఆ దేవుడితో పనేముంటుంది? అందుకని ఇప్పుడు మా దగ్గర ఫలితాల ఆదివారం మొదటి ప్రార్థన సప్లిమెంటరీ రాసే పిల్లల కోసం. సాక్ష్యాలు, మిఠాయి ఆ తర్వాత. కొందరు పెద్దలకు ఇది రుచించలేదు. "గెలిచినోళ్ల సంతోషం పాడైతది అయ్యగారూ" అన్నారు. పాడైతే కానివ్వండి అన్నాను.

మార్కుల దేవుడు ఒకడైతే, ఇంట్లో ఇంకో దేవుడుంటాడు. పోలీసు దేవుడు. చక్కెర డబ్బాలో చెయ్యి పెడితే "దేవుడు చూస్తుండు, కండ్లు పోతయ్" అంటాం. అన్నం తినకపోతే "అయ్యగారొస్తుండు, చెప్తా ఉండు" అంటాం. పోలీసు, సూది వేసే డాక్టరు, పాస్టరు, ముగ్గురినీ ఒకే వరుసలో నిలబెడతాం. నేను ఇళ్లకు ప్రార్థనకు పోతే కొన్ని ఇళ్లలో చిన్న పిల్లలు మంచం కిందికి దూరుతారు. మంచం కింద దాక్కున్న పిల్లకు దేవుడి ప్రేమ గురించి చెప్పడం చాలా కష్టమైన పని, నమ్మండి.

భయం పెట్టి పెంచిన పిల్ల అబద్ధం బాగా నేర్చుకుంటుంది. అంతకంటే ఏమీ నేర్చుకోదు. ఈ మాట నాకంటే ముందు ఒక తల్లి కనిపెట్టింది. మూడు వందల ఏళ్ల కింద, ఇంగ్లాండులో.

ఆమె పేరు సుసన్నా వెస్లీ. ఎప్‌వర్త్ అనే పల్లెటూరి పాస్టరు భార్య. పంతొమ్మిది కాన్పులు. అందులో దాదాపు సగం మంది పసితనంలోనే పోయారు. భర్త అప్పుల పాలై 1705లో జైలుకు పోయాడు. 1709లో ఇల్లు కాలిపోయింది. ఐదేళ్ల పిల్లవాణ్ణి ఊరివాళ్లు కిటికీలోంచి లాగి బతికించారు. ఆ పిల్లవాడే జాన్ వెస్లీ. మెథడిస్టు సంఘాలకు మూలపురుషుడు. ఆ మెథడిస్టులే తర్వాతి కాలంలో నిజాం రాజ్యానికి వచ్చి వికారాబాద్‌లో బడులు, ఆసుపత్రి పెట్టారు. మా వైపు ఎంతోమంది అవ్వలకు అక్షరాలు వచ్చింది ఆ బడుల్లోనే.

1711-12 చలికాలంలో భర్త పని మీద లండన్ పోయి ఉన్నాడు. అప్పుడు ఆమె చేతికి ఒక పుస్తకం వచ్చింది. అది ఎక్కడి సంగతులు చెప్పే పుస్తకమో తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. మనకు దక్షిణాన ఉన్న తమిళనాడు సముద్రతీరంలోని తరంగంబాడి సంగతులు. డెన్మార్కు రాజు పంపగా 1706లో అక్కడ ఓడ దిగిన జీగెన్‌బాల్గ్, ప్లూచావ్ అనే ఇద్దరు మిషనరీల వృత్తాంతం. అది చదివి ఆమె కదిలిపోయింది. తాను ఆడమనిషి, ఎక్కడికీ పోలేదు, ఇంటి నిండా పిల్లలు. సరే, ఈ పిల్లలతోనే మొదలుపెడతాననుకుంది. వారంలో రోజుకొకరి చొప్పున సాయంత్రాలు పంచింది. ఆ సాయంత్రం ఆ పిల్లతో ఒంటరిగా కూర్చుని మాట్లాడుతుంది. సోమవారం ఒకరిది, మంగళవారం ఒకరిది. జాన్‌ది గురువారం. అతను పెద్దవాడై ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న రోజుల్లో కూడా ఆ గురువారం సాయంత్రాన్ని గుర్తుచేస్తూ, అందులో కొంచెం సేపు ఇప్పుడు కూడా తన కోసం ఉంచమని తల్లికి ఉత్తరం రాశాడు.

తరంగంబాడి కబురు ఇంగ్లాండులో ఒక వంటింటికి చేరింది, ఆ వంటింట్లో పెరిగిన పిల్లవాడి సంఘం మళ్లీ మన దక్కనుకు వచ్చింది. పాస్టర్లు ఈ కథలో వెస్లీ చేసిన ప్రసంగాల గురించే చెబుతారు. నాకు మాత్రం ఆ గురువారం ముఖ్యం.

సుసన్నా 1732లో కొడుకు అడిగితే తన పెంపకం పద్ధతులన్నీ ఉత్తరంలో రాసి పంపింది. తప్పు చేసి, అడిగినప్పుడు నిజం ఒప్పుకున్న పిల్లను కొట్టకూడదు. ఒకే తప్పుకు రెండుసార్లు దండించకూడదు, ఒకసారి వదిలేసిన తప్పును మళ్లీ ఎత్తిపొడవకూడదు. పిల్లకు ఇచ్చిన మాట తప్పకూడదు. ఆడపిల్లకు చదవడం బాగా వచ్చేదాకా ఇంటి పనికి పెట్టకూడదు. ఇవి అప్పటి మాటలు! మన మర్పల్లి మండలంలో ఇప్పుడు ఎన్ని ఇళ్లలో నడుస్తున్నాయో మీరే చూసుకోండి. ఆమె చెప్పినవన్నీ నేను ఒప్పుకోను. ఏడాది నిండిన పసిపిల్లకు బెత్తం భయం నేర్పాలని, ఏడ్చినా మెల్లగా ఏడవాలని కూడా రాసింది. పిల్ల మొండితనాన్ని ముందుగా విరవాలంది. అది ఆ కాలపు కాఠిన్యం. దాన్ని అక్కడే వదిలేద్దాం. సాయంత్రాన్ని తీసుకుందాం.

మన దగ్గర ఆ సాయంత్రం ఎక్కడుంది అంటారా? మా సంఘాల్లో చాలామంది పిల్లలు గురుకులాల్లో చదువుతున్నారు. ఐదో తరగతికి సీటొస్తే ఇంట్లో పండగే. మంచి అన్నం, మంచి చదువు, నేను కాదనను. కానీ పదేళ్ల పిల్ల ఇల్లు విడిచిపోతుంది, దసరాకు, సంక్రాంతికి, ఎండాకాలం సెలవులకు వస్తుంది. మిగతా రోజుల్లో తల్లిదండ్రులను కలవనిచ్చే ఆదివారమే దిక్కు. ఆ ఆదివారం మా గుడి సగం ఖాళీ. నేనేమీ అనుకోను. అది కూడా ఆరాధనే అని చెప్పి పంపిస్తాను. తల్లులు పొద్దుగాల లేచి కోడికూర వండి, పూరీలు చేసి, స్టీలు టిఫిన్లో సర్దుకుని ఆటో ఎక్కుతారు.

అక్కడ చెట్టు కింద కూర్చున్నాక మొదటి ప్రశ్న ఏమిటి? "మార్కులెన్నొచ్చినయ్?" పిల్ల చెబుతుంది. తర్వాత తండ్రి ఫోన్ తీస్తాడు. సెలవులకు వచ్చినప్పుడు ఒక పిల్ల నాతో అన్న మాట ఇది: "మా నాయిన నన్ను చూడనీకి వచ్చి ఫోన్ చూసిపోయిండు." ఆ నాయిన చెడ్డవాడు కాదు. కూలి వదులుకుని, బస్సు కిరాయి పెట్టుకుని పోయాడు. కూర్చున్నాక ఏం మాట్లాడాలో తెలియలేదు, అంతే. రాత్రి నిద్ర పడుతోందా, అన్నం దగ్గర పక్కన ఎవరు కూర్చుంటారు, ఎవరన్నా ఏడిపిస్తున్నారా, ప్రార్థన చేసుకోబుద్ధి అవుతోందా లేదా, ఇవి అడగాలి. అడిగి ఊరుకోవాలి. జవాబు ఆలస్యంగా వస్తుంది. మధ్యలో మనం అందుకుంటే రానే రాదు.

పని కోసం పుణె, ముంబై, పట్నం పోయిన ఇళ్లలో పిల్లలను చూసేది అవ్వ, నానమ్మ. బైబిల్లో పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన రెండో ఉత్తరంలో అతని విశ్వాసం మొదట అమ్మమ్మ లోయిలో, తల్లి యునీకేలో ఉన్నదే అని గుర్తుచేస్తాడు. చదువు రాని మా అవ్వలు కొందరు రాత్రి పడుకునే ముందు ఇంట్లో ఒక్కొక్కరి పేరు తీసి ప్రార్థన చేస్తారు. పుణెలో ఉన్న కొడుకు పేరు, కోడలి పేరు, గొడ్డూ గోదా సహా. పక్కలో పడుకున్న మనవడు ఆ పేర్లన్నీ వింటూ నిద్రపోతాడు. నా ప్రసంగాలకు అంత బలం లేదని నాకు తెలుసు.

సండే స్కూలు గురించి కూడా చెప్పాలి. 1769లో ఇంగ్లాండులోని హై వికమ్‌లో హన్నా బాల్ అనే మెథడిస్టు యువతి ఇటువంటి బడి నడిపింది. 1780లో గ్లౌస్టర్‌లో రాబర్ట్ రైక్స్ పెట్టిన బడితో దానికి ఊరూరా పేరొచ్చింది. ఆదివారమే ఎందుకంటే మిగతా ఆరు రోజులు పిల్లలు పనిలో ఉండేవారు. అక్షరాలు నేర్పడమే అక్కడ భక్తి. మన దగ్గర కూడా ఆ కథ పాతబడలేదు. 1991లో ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు అప్పటి మన రంగారెడ్డి జిల్లా ఊళ్లలోనే పని చేసే పిల్లలను బడికి తేవడం మొదలుపెట్టారు. ఆ పనికి, దాన్ని నడిపిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసె పురస్కారం వచ్చింది. పత్తి ఏరే కాలంలో బడి మాని చేనుకు పోయే పిల్లకు నేను వచనం కంఠస్థం చేయించి బహుమతి ఇస్తే దేవుడు సంతోషిస్తాడని అనుకోను. అట్లాగే పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల పెళ్లికి నేను బైబిల్ తెరవను. "వేరే పాస్టర్ చేస్తడు" అని బెదిరించేవాళ్లున్నారు. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ఆయనకు కూడా వర్తిస్తుంది. సండే స్కూలు గదిలో ఎప్పుడూ ఇద్దరు టీచర్లుండాలి, తలుపు తెరిచి ఉండాలి. ఇది అనుమానంతో చెప్పే మాట కాదు, పిల్లలకు కట్టే కంచె.

ఇక క్రిస్మస్ నాటిక. ప్రతి సంఘంలో ఉండేదే. దేవదూతలకు తెల్ల గౌన్లు, జ్ఞానులకు అట్ట కిరీటాలు, గొర్రెల కాపరులకు తాత గొంగడి, చేతిలో కట్టె. ఒక ఏడాది రిహార్సల్ జరుగుతుంటే, కాపరి వేషం వేసిన పిలగాడు గొంగడి సర్దుకుంటూ ఆగిపోయాడు. "అయ్యగారూ, ఈళ్లు బేత్లెహేముకు ఉరికిండ్రు గదా, గొర్రెలను ఎవరికి అప్పజెప్పిపోయిండ్రు?"

మిగతా పిల్లలు నవ్వారు. టీచరు "డైలాగ్ చెప్పురా" అంది. వాళ్ల ఇంట్లో గొర్రెలున్నాయి. రాత్రి మంద దగ్గర పడుకోవడమంటే ఏమిటో వాడికి తెలుసు. ఆ కథను సువార్తలో రాసిన లూకా ఆ సంగతి రాయలేదు. నాకు తెలియదని చెప్పాను. ఆదివారం ఆరాధనలో ఆ ప్రశ్నను సంఘం ముందు పెట్టాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక గోడకు ఆనుకుని కూర్చునే ఒక ముసలాయన లేచాడు. జీవితమంతా గొర్రెలు కాసినవాడు. "ఒకడు ఉండిపోయి ఉంటడు అయ్యగారూ. మందను ఇడిసి అందరు పోరు" అన్నాడు.

నాటిక మార్చాం. ముగ్గురు కాపరులు పరుగెత్తుతారు, నాలుగోవాడు మంద దగ్గర ఆగుతాడు. వాళ్లు తిరిగొచ్చి చూసినదంతా వాడికి చెబుతారు. ఆ వేషానికి ముందు ఎవరూ ముందుకు రాలేదు, ఎందుకంటే తొట్టెలోని బాలయేసును చూడనిది వాడొక్కడే. చివరికి జనం ముందు మాట పెగలని ఒక పిలగాడు తనంతట తాను వచ్చి తీసుకున్నాడు. మూడు ప్రసంగాల్లో నేను చెప్పలేని సంగతి, డ్యూటీ మీద ఉండి గుడికి రాలేనివాళ్ల సంగతి, ఆ రాత్రి మా వాళ్లకు అర్థమైంది. కరెంటాఫీసులో పనిచేసే ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు.

పిల్లలు ప్రశ్న అడిగితే విశ్వాసం తగ్గిందని కొందరు తల్లిదండ్రులు భయపడతారు. పన్నెండేళ్ల యేసు యెరూషలేము దేవాలయంలో పెద్దల మధ్య కూర్చుని వింటూ, ప్రశ్నలు అడుగుతూ దొరికాడని సువార్తలోనే ఉంది. పాత నిబంధనలోని ఏలీ యాజకుణ్ణి కూడా నేను తరచుగా తలుచుకుంటాను. కన్నకొడుకులను అదుపు చేయలేకపోయాడని అతనికి చెడ్డపేరు. నిజమే. పాస్టర్లు ఆ అధ్యాయం త్వరగా చదివేసి ముందుకు పోతారు, మా పిల్లల సంగతి మాకు తెలుసు కాబట్టి! కానీ అదే ఏలీ, దేవుడి పిలుపును తన పిలుపనుకుని రాత్రి పదేపదే లేపిన చిన్న సమూయేలును కసురుకోలేదు. పొద్దున ఆ పిల్లవాడు చెప్పబోయేది తన ఇంటి మీదికి వచ్చే కీడని అనుమానం ఉన్నా, ఏదీ దాచకుండా చెప్పమన్నాడు. చెప్పాక తల వంచి విన్నాడు. పిల్లల మాట వినే సంఘం అంటే అదీ.

పిల్లలకు వేదిక ఇస్తాం, పని ఇవ్వం. ఇది మా సంఘాల్లో పెద్ద లోటు. డిసెంబరులో మేకప్ వేసి ఫొటోలు తీస్తాం, జనవరిలో "లొల్లి చెయ్యకున్రి, బయటికి పోయి ఆడుకోన్రి" అంటాం. వాళ్లకు చాపలు పరిచే పని, గంట కొట్టే పని, వాక్యం చదివే పని, పెద్దలతో కలిసి కానుకలు లెక్కపెట్టే పని అప్పజెప్పాలి. నడవలేని అవ్వను ఇంటి నుంచి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చే పని అన్నిటికంటే మంచిది. వాక్యం చదివేటప్పుడు తప్పుతారు, ఫరవాలేదు. కానుకల లెక్కలో పది రూపాయలు తేడా వచ్చినా ఫరవాలేదు, పెద్దలకు కూడా వస్తుంది.

ఈ సంగతి ధారూర్ జాతరలో కళ్లకు కడుతుంది. వికారాబాద్, తాండూరు మధ్య ధారూర్ స్టేషన్ ఉంది. అక్కడ ప్రతి నవంబరులో జరిగే మెథడిస్టు క్రైస్తవ జాతర వందేళ్లు దాటింది. ఆ రోజుల్లో రైళ్లు ప్రత్యేకంగా అక్కడ ఆగుతాయి. పూర్వం ఎడ్లబండ్ల మీద వచ్చేవాళ్లు, ఇప్పుడు ట్రాక్టర్లు, ఆటోలు. డేరాలు వేసుకుని, అక్కడే వండుకుని, రోజుల తరబడి ఉంటారు. మా మర్పల్లి నుంచి రైలెక్కితే వికారాబాద్‌లో మారాలి.

పెద్దలకు అక్కడ ఉపన్యాసాలు ముఖ్యం. పిల్లలను గమనించండి. ఒకడు డేరా గుంజ పట్టుకుంటాడు, ఒకతి బిందె మోస్తుంది, ఒకడు పొయ్యిలోకి పుల్లలేరుకొస్తాడు, చంటిపిల్లను ఎత్తుకున్న పదేళ్ల పిల్ల లేని డేరా ఉండదు. ఎవరూ వాళ్లను "బయట ఆడుకోండి" అనరు, ఎందుకంటే అంతా బయటే. రాత్రి చలిలో ఒకే దుప్పట్లో పడుకుని తండ్రి ప్రార్థనలో ఏడవడం మొదటిసారి వింటారు. ఇంకో సంగతి. మా ఊళ్లలో కొన్ని చోట్ల క్రైస్తవ ఇళ్లు నాలుగైదే ఉంటాయి. బడిలో ఆ పిల్ల ఒంటరి. ధారూర్‌లో దిగి చూసేసరికి తాండూరోళ్లు, జహీరాబాదోళ్లు, పట్నపోళ్లు, కనుచూపు మేర డేరాలు. మేము ఇంతమందిమా అని ఆ పిల్ల నోరు తెరుస్తుంది. ఆ చూపు ఏడాదంతా పనికొస్తుంది. దయచేసి జాతరకు పిల్లలను వదిలి పెద్దలే పోకండి. రెండు రోజుల బడి పోతే మాస్టారును నేను బతిమాలుతాను.

ఒక హెచ్చరిక కూడా చెప్పి ముగిస్తాను. తొందరపడి పిల్లలను లెక్కగట్టకండి. 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన తాండూరు కందినే చూడండి. జూన్‌లో వేస్తే రెండు నెలలు నేలనంటుకునే ఉంటుంది. అంతరపంటగా వేసిన పెసర దాన్ని దాటేసి, కాసి, కోతకొస్తుంది. కొత్తవాడెవడన్నా చూస్తే కంది పోయిందనుకుంటాడు. రైతు మాత్రం దున్నెయ్యడు. పదిహేనేళ్లప్పుడు గుడికి రానన్న పిల్లలు కొందరు ముప్పై ఏళ్లప్పుడు తమ బిడ్డను ఎత్తుకుని తిరిగొచ్చారు. కొందరు రాలేదు. రానివాళ్ల పేర్లు కూడా మా ప్రార్థన జాబితాలో ఉన్నాయి, వాళ్ల పెళ్లిళ్లకు కూడా మేం పోతాం.

వింటున్న తల్లులకు, తండ్రులకు, అవ్వలకు ఒక్క విన్నపం. ఈ వారంలో ఒక సాయంత్రం ఖాయం చేయండి. మీ ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే మూడు సాయంత్రాలు. ఆ రోజు ఏదో పిల్లకు ముందే చెప్పండి. ఫోన్‌ను వేరే గదిలో పెట్టండి. మార్కుల మాట ఎత్తకండి. వాళ్లు ఏం అడిగినా జవాబు తెలిస్తే చెప్పండి, తెలియకపోతే తెలియదనండి. అప్పటికీ మిగిలిన ప్రశ్నలుంటే ఆదివారం మా దగ్గరికి పట్టుకురండి.